పూర్తి మార్కులు వచ్చిన క్షతగాత్రుడు: సవరించిన ట్రామా స్కోరుపై ఒక విమర్శ

సవరించిన ట్రామా స్కోరును ఎలా లెక్కకట్టాలో గత భాగంలో నేర్చుకున్నారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఇక్కడ చూద్దాం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకోండి. జాతీయ రహదారిపై మోటారు సైకిలు మీది నుంచి 24 ఏళ్ల యువకుడు పడిపోయాడు. 108 అంబులెన్సు వచ్చింది. ఎడమ డొక్కలో నొప్పి అంటున్నాడు. మాట కాస్త తికమకగా ఉన్నా, కళ్లు తెరిచే ఉన్నాడు, చెప్పినట్టు చేతులు కదిలిస్తున్నాడు. గ్లాస్గో కోమా స్కేలులో 14. శ్వాస నిమిషానికి 28. సిస్టాలిక్ రక్తపోటు 92. నాడి 130.

ఇప్పుడు స్కోరు కట్టండి. గ్లాస్గో 13 నుంచి 15 మధ్య ఉంది కనుక 4. శ్వాస 10 నుంచి 29 మధ్య ఉంది కనుక 4. రక్తపోటు 89 దాటింది కనుక మరో 4. మొత్తం 12. ఇంతకు మించి స్కోరు లేదు. కాగితం మీద ఇతనికీ, ఈ పాఠం చదువుతున్న మీకూ తేడా లేదు. కాని ఇతని ప్లీహం చితికి పొట్టలోకి రక్తం కారుతూ ఉండవచ్చు. నాడి అంకె రక్తపోటు అంకెను దాటిపోవడం అందుకు గట్టి హెచ్చరిక. ఆ నాడికి ఈ స్కోరులో చోటే లేదు.

ఇలా ఎందుకు జరిగింది? అమెరికాలో ఛాంపియన్, ఆయన సహచరులు 1981లో ప్రకటించిన తొలి ట్రామా స్కోరులో అయిదు అంశాలుండేవి. 1989లో సవరించినప్పుడు రెండింటిని తీసేశారు. ఒకటి, ఊపిరికి ఛాతీ కదిలే తీరు. రెండోది, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం తిరిగి రావడానికి పట్టే సమయం. రోడ్డు పక్కన, అందునా రాత్రి వేళ, వీటిని సరిగా చూడలేమన్నది కారణం. కారణం న్యాయమైనదే. టార్చిలైటు వెలుగులో గోరు రంగు పోల్చడం ఎంత కష్టమో ఎవరైనా ఊహించగలరు. అయితే గోరు పరీక్ష పోయాక రక్తప్రసరణ గురించి చెప్పడానికి రక్తపోటు ఒక్కటే మిగిలింది. యువకుల శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి రక్తపోటును నిలబెడుతుంది. ఒంట్లోని రక్తంలో దాదాపు 30 శాతం పోయేదాకా అది పెద్దగా పడకపోవచ్చు. ఈ స్కోరు కొలిచేది గాయాన్ని కాదు, గాయానికి శరీరం లొంగిపోవడాన్ని.

స్కోరును రూపొందించినవారికి అన్యాయం చేయకూడదు. మరణించినవారిలో 97 శాతానికి పైగా క్షతగాత్రులను ట్రామా కేంద్రానికి పంపవలసినవారిగా ఇది గుర్తించిందని 1989 నాటి వారి పరిశీలన చెబుతోంది. చిన్న విజయం కాదు. కాని ఆ పరీక్ష ఎవరి మీద జరిగిందో గమనించండి. మన యువకుడిలాంటివారు సకాలంలో శస్త్రచికిత్స అందితే బతుకుతారు. బతికితే ఆ 97 శాతం లెక్కలోకే రారు.

పసిపిల్లల విషయంలో పొరపాటు మరో వైపుకు జరుగుతుంది. ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు ఊపిరి తీయడం మామూలే. స్కోరు మాత్రం ఒక మార్కు కోసేస్తుంది.

2021 నాటి అమెరికా జాతీయ మార్గదర్శకాలు ఈ విమర్శలను చాలావరకు పట్టించుకున్నాయి. నాడి రక్తపోటును మించితే ప్రమాద సూచన. 65 ఏళ్లు దాటినవారిలో సిస్టాలిక్ 110 కంటే తక్కువైనా ప్రమాద సూచనే. స్పృహ విషయంలో చెప్పినట్టు కదలగలుగుతున్నారా లేదా అన్నదే చూడమన్నాయి. కూడికలు అక్కర్లేదు. నా దృష్టిలో మొత్తం మార్కుల కంటే ఇలా విడివిడిగా చూడటమే మేలు. కూడినప్పుడు ఏ అంకె భయపెడుతున్నదో మరుగున పడిపోతుంది. అనుమానం ఉన్న ప్రతివారినీ దూరపు పెద్దాసుపత్రికి తరలిస్తే అక్కడ పడకలు చాలవన్న అభ్యంతరం నిజమే. అమెరికన్ సర్జన్ల కళాశాల ఆ మేరకు 25 నుంచి 35 శాతం అధిక తరలింపును సహించవచ్చని చెప్పింది. తీవ్ర గాయాలున్నవారిని వదిలేయడం మాత్రం 5 శాతం మించరాదన్నది.

స్కోరును ఒక్కసారి కట్టి వదిలేయడం వల్ల జరిగే నష్టం వేరు. పది నిమిషాల తరువాత మన యువకుడి రక్తపోటు 86, శ్వాస 32 అయ్యాయనుకోండి. స్కోరు 10కి దిగుతుంది. అప్పటికే అంబులెన్సు సర్జన్ లేని దగ్గరి ఆసుపత్రి గేటు దాటి ఉండవచ్చు.

అభ్యాసం: రక్తపోటుకు మందులు వాడుతున్న 72 ఏళ్ల వృద్ధురాలు మెట్ల మీది నుంచి జారిపడింది. సిస్టాలిక్ 104, నాడి 78, శ్వాస 20, గ్లాస్గో 15. స్కోరు కట్టండి. ఆమెను ఏ ఆసుపత్రికి పంపుతారో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి.