పట్టు చిక్కే దాకా

2024 డిసెంబర్ 28. న్యూయార్క్ వాల్‌స్ట్రీట్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం పోటీ, ఆఖరి రౌండ్. అప్పటికి ఏడుగురు 7.5 పాయింట్లతో సమానంగా ఉన్నారు. ఇండోనేషియా క్రీడాకారిణి ఐరిన్ సుకందర్‌కు ఎదురుగా నల్లపావులతో కూర్చున్నది గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి. వయసు 37. ఇంటి దగ్గర ఏడేళ్ల కూతురు. ఆ ఏడుగురిలో చివరి ఆట గెలిచింది ఆమె ఒక్కరే. 11 ఆటల్లో 8.5 పాయింట్లు, రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ కిరీటం.

ఆ టోర్నీలో మొదటి ఆట ఆమె ఓడిపోయారు. అంటే ఆ 8.5 పాయింట్లూ మిగిలిన పది ఆటల్లో వచ్చినవే.

ఆ ఏడాదంతా తాను తడబడుతూనే ఉన్నానని, కొన్ని టోర్నీల్లో ఆఖరి స్థానం కూడా చూశానని గెలిచిన తర్వాత ఆమే చెప్పుకున్నారు. వయసు పెరిగేకొద్దీ ఉత్సాహాన్ని నిలుపుకోవడం, కావలసిన వేళకు బుర్రను పదునుగా ఉంచుకోవడం చాలా కష్టమనీ దాచకుండా ఒప్పుకున్నారు. ఐదారేళ్ల వయసు నుంచీ ఒకే పనిలో ఉన్న మనిషికి కూడా ఉత్సాహం అడుగంటుతుందన్నమాట. ఏదో ఒక సాధన మొదలుపెట్టి మధ్యలో చేయి వదిలేసినవాళ్లందరికీ ఆ మాట పెద్ద ఊరట.

తెలుగులో రెండు మాటలున్నాయి: పట్టు, పట్టుదల. చూడ్డానికి ఒకే చెట్టు కొమ్మలు. కానీ వయొలిన్ నేర్చుకునే పిల్లను అడిగినా, మగ్గం మీద కూర్చునే మనిషిని అడిగినా తేడా చెబుతారు. నాలుగు నెలలు పని ఆపితే ముందు తప్పేది పట్టు. వేలు ఒకప్పటిలా పలకదు, చేయి ఒకప్పటిలా సాగదు. ఆ ఇబ్బంది పడలేక మనిషి పనికి దూరంగా జరుగుతాడు. అప్పుడు చుట్టుపక్కలవాళ్లు ‘వీడికి పట్టుదల లేదు’ అంటారు. తనూ అదే నమ్ముతాడు. పోయింది పట్టు అయితే, పట్టుదల కోసం వెతుక్కుంటూ నెలలు గడిపేస్తాడు.

హంపి కథ చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తండ్రి అశోక్ కూతురికి ఆట నేర్పడం కోసం ఉద్యోగమే వదిలేశారు. ‘ఛాంపియన్’ అన్న మాటలోంచే ఆమెకు పేరు పెట్టారు. అండర్-10, అండర్-12, అండర్-14 బాలికల విభాగాల్లో వరసగా ప్రపంచ టైటిళ్లు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్. 2002లో, 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్. అప్పటికి మహిళల్లో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్నవారు లేరు. జూడిత్ పోల్గర్ రికార్డు దానితో చెరిగింది. 2007లో, పోల్గర్ తర్వాత 2600 ఎలో రేటింగ్ దాటిన రెండో మహిళ. ఆ వయసులో లక్ష్యాన్ని వెతుక్కోవలసిన పని లేదు, మెట్టు తర్వాత మెట్టు ఎదురుగానే ఉంది.

ఒక్క మెట్టు మాత్రం అందలేదు. 2011 నవంబర్‌లో అల్బేనియా రాజధాని టిరానాలో క్లాసికల్ ప్రపంచ టైటిల్ కోసం చైనాకు చెందిన హూ యిఫాన్‌తో తలపడ్డారు. ఎనిమిది ఆటల్లో ఐదు డ్రా, మూడు ఓటమి. ఒక్క గెలుపు లేదు. 2014లో పెళ్లి, 2017లో పాప. రెండేళ్లు ఆటకు దూరం.

తిరిగి వచ్చింది 2018లో, జార్జియాలోని బటూమిలో జరిగిన ఒలింపియాడ్‌తో. ఆమె టోర్నీ తర్వాత టోర్నీ ఆడారు. 2019లో మాస్కో దగ్గరి స్కోల్కోవోలో గ్రాండ్‌ప్రి గెలిచారు. అదే ఏడాది చివర, మాస్కోలోనే, ఎవరూ పెద్దగా అనుకోని చోట కిరీటం దొరికింది. ర్యాపిడ్‌లో.

ఆమె పేరు అంతవరకూ గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటతో ముడిపడింది. ర్యాపిడ్ తీరు వేరు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ పది సెకన్ల జమ. గడియారం నొక్కిన చేయి వెనక్కి రాకముందే అవతలివాళ్ల సమయం కరగడం మొదలవుతుంది. గంటసేపు ఆలోచించి, చేసిన తప్పును తలుచుకుని కుమిలిపోయే తీరిక ఉండదు. ఒక ఆట ఓడితే అదే రోజు మరో ఆట ఎదురుగా నిలబడుతుంది. 2019లో టై పడి, చైనాకు చెందిన లీ టింగ్‌జీతో టైబ్రేక్ ఆడవలసి వచ్చింది. మొదటి ఆట పోయింది, రెండోది గెలిచారు, చివరికి విజేతను తేల్చే అర్మగెడాన్ ఆటతో టైటిల్ చేజిక్కింది. ఇరవైల్లో కన్న కల ఒక తలుపు దగ్గర ఆగిపోతే, ముప్పై రెండేళ్ల వయసులో పక్క తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దాకా ఆమెను తీసుకెళ్లింది కొత్త ఉత్సాహం కాదు, మళ్లీ బోర్డు ముందు కూర్చోవడం.

చదరంగం ఆడేవాళ్లకు ఒక అలవాటుంది. ఆట అయ్యాక దాన్ని మొదటి ఎత్తు నుంచి మళ్లీ బోర్డు మీద వేసి చూస్తారు. వాళ్ల భాషలో పోస్ట్‌మార్టం. ఓడిన ఆట అయితే ఇది మరీ కష్టం. తెల్ల బంటు రెండు గళ్లు ముందుకు, నల్లగుర్రం బయటికి... చేయి అలవాటుగా కదులుతూ పోతుంది. ఎక్కడో పద్దెనిమిదో ఎత్తు దగ్గర ఆగుతుంది. ‘ఇక్కడ శకటం వెనక్కి తీసి ఉంటే?’ తీసి చూస్తారు. పావులన్నీ మళ్లీ పాత చోటికి చేర్చి ఇంకోటి ప్రయత్నిస్తారు. అరగంట గడిచేసరికి ఓడిన మనిషి ముఖంలో బాధ తగ్గి, ఆసక్తి కనబడుతుంది. ఆ అరగంటలో ఎవరూ ధైర్యం చెప్పి ఉండరు, స్ఫూర్తి వాక్యాలూ వినిపించి ఉండరు. చేతికి పావు తగిలింది, అంతే.

ద్రోణవల్లి హారికది ఇంకో దారి. గుంటూరు అమ్మాయి. 2004లో, 13 ఏళ్లకు తొలి ఒలింపియాడ్ ఆడింది. 2022లో చెన్నైలో జరిగిన ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా బోర్డు ముందు కూర్చుంది. హంపి కూడా ఉన్న ఆ జట్టు కాంస్యం తెచ్చింది. ఒలింపియాడ్‌లో భారత మహిళలకు అదే తొలి పతకం. రెండేళ్ల తర్వాత బుడాపెస్ట్‌లో స్వర్ణం దక్కిన జట్టులోనూ హారిక ఉంది. అజర్‌బైజాన్‌తో చివరి రౌండ్‌లో ఆమె ఆట గెలిచింది. తొలి ఒలింపియాడ్‌కూ ఆ స్వర్ణానికీ మధ్య దాదాపు 20 ఏళ్లు. అన్నేళ్లు రోజూ ఉప్పొంగే ఉత్సాహం ఏ మనిషికీ ఉండదు. ఉండవలసిన అవసరమూ లేదు.

ఈ మాట హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలకు చేరాలి. అలాంటి చాలా గదుల్లో మంచం పక్క గోడకు ఒక టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది. ‘ఉదయం 4.00 – పాలిటీ.’ ఒకసారి ప్రిలిమ్స్ తప్పిన తర్వాత నాలుగింటికి లేవడం ఐదున్నరకు, ఆపైన ఏడింటికి జరుగుతుంది. అపరాధభావంతో ఆదివారం సాయంత్రం కొత్త టైమ్‌టేబుల్, కొత్త రంగు పెన్నులతో. మూడు రోజులకు అదీ పాతబడుతుంది. ఇక్కడ కొరత లక్ష్యానిది కాదు. లక్ష్యం గోడ మీద పెద్దక్షరాల్లోనే ఉంది. తప్పిన పాత ప్రశ్నపత్రం మాత్రం అట్టపెట్టెలో అడుగున ఉంది. దాన్ని బయటికి తీసి, తప్పు పెట్టిన ఒక్క ప్రశ్న దగ్గర చదరంగం ఆటగాడిలా ఆగి, ఎక్కడ ఆలోచన పక్కకు జరిగిందో చూడటంతో పట్టు మొదలవుతుంది. అది ఇరవై నిమిషాల పని. మర్నాడు ఇంకో ప్రశ్న.

అలాగని ఒంటరిగా ఇదంతా అవుతుందనుకోవడం అన్యాయం. న్యూయార్క్‌లో గెలిచిన రాత్రి హంపి తలుచుకున్నది భర్తనూ, తల్లిదండ్రులనూ. తాను దేశాలు తిరిగినప్పుడు పాపను చూసుకునేది అమ్మానాన్నలేనని చెప్పారు. చదువుకునే పిల్లకు వేళకు భోజనం పెట్టి తలుపు దగ్గరగా వేసే తల్లి, ‘ఇంకెన్నాళ్లు’ అని అడగకుండా ఫోన్ పెట్టేసే తండ్రి, ఆ ఏకాగ్రతలో సగం వాటాదారులు.

2025 జులైలో మహిళల ప్రపంచ కప్ అదే బటూమిలో జరిగింది. అంతకు ఏడేళ్ల కిందట హంపి ఆటలోకి తిరిగి వచ్చిన ఊరది. 38 ఏళ్ల హంపి సెమీఫైనల్లో లీ టింగ్‌జీని దాటి ఫైనల్‌కు చేరారు. ఎదురుగా నాగ్‌పుర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్, వయసు 19. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి. ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆమె పుట్టిన 2005 డిసెంబర్ నాటికే హంపి గ్రాండ్‌మాస్టరై మూడేళ్లు దాటింది.