బురద తూచేవాళ్లు

వెలుగోడు జలాశయానికి నీళ్లు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వస్తాయి. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది. పూడిక సర్వేల తర్వాత 215 పైచిలుకే అని రాసుకుంటున్నారు. ఎగువన తుంగభద్ర 133 నుంచి 105కు దిగింది. అంకెలు పేపర్లలో వస్తాయి, వాటి వెనకున్న చేతులు కనపడవు.

కేంద్ర జలసంఘం కొలత కేంద్రంలో పనిచేసేవాడు వరదలో పడవ మీంచో వంతెన మీంచో సీసాను దించుతాడు. పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గరే అది నిండాలి. పైపైన నింపితే బురద తక్కువ, అడుగున నింపితే ఇసుక ఎక్కువ. తర్వాత జల్లెడ: 0.2 మిల్లీమీటర్లు దాటింది ముతక. మధ్యరకాన్ని తేర్చి, సన్నదాన్ని వడకట్టి, ఆరబెట్టి తూచాలి. లీటరుకు ఇన్ని గ్రాములని రాయాలి. నా దృష్టిలో ఇది కంసాలి పనికి తీసిపోదు.

ఈ బురదలో కొండ తనంతట కరిగిందెంత, మన నాగలీ గొడ్డలీ కరిగించిందెంత? దానికి వేరే తూకముంది. నది ఇసుకలోని పలుగురాతి రేణువుల్లో అంతరిక్ష కిరణాల వల్ల పుట్టే బెరీలియం-10 మోతాదు వేల ఏళ్ల సహజ కోతను చెబుతుంది. ఆస్ట్రేలియాలో పగడాలే ఆ చిట్టా రాశాయి: బర్డెకిన్ నది బురదతో వచ్చిన బేరియం వాటి పొరల్లో పేరుకుంది. 1870 తర్వాత, పశువుల మేత పెరిగాక, ఒండ్రు ఐదు నుంచి పది రెట్లయిందని 2003లో తేల్చారు.

మనకు అలాంటి పగడాల చిట్టా లేదు, సీసాలే. ఏడాది ఒండ్రులో ఎక్కువ భాగం కొద్ది వరద రోజుల్లోనే కొట్టుకొస్తుంది. ఎవరూ నదిలోకి దిగడానికి ఇష్టపడని ఆ రోజుల్లోనే సీసా దించేవాడి డ్యూటీ.