ఉక్కు కడుపున పుట్టిన షడ్జం

ఇనుప నేల ఇది, తల్లీ. దల్లీ రాజహరా గుట్టల ఎర్ర ఖనిజం, సిల్తరా ఫ్యాక్టరీల పొగ, 1959లో భిలాయి కొలిమి నోట రాజుకున్న నిప్పు. రాయ్‌పూర్ చుట్టుపక్కల ఉక్కు అంటే రైలుపట్టా, ఉక్కు అంటే దూలం, ఉక్కు అంటే నెలజీతం. ఆ జీతం కోసమే ఎందరు తెలుగువాళ్లు పెట్టే బేడా సర్దుకుని వచ్చి, ఇక్కడే మనవల్ని ఎత్తుకున్నారో! బరువులు మోయడానికే పుట్టిందనుకున్న ఆ ఉక్కు నీ ఒంట పాటై పలుకుతుంటే, చేతులు జోడించక ఏం చెయ్యను?

హ్యాండ్‌పాన్ అని పిలుస్తారు నిన్ను. రెండు మూకుళ్లను అంచుకు అంచు కలిపి మూసినట్టుంటావు. నడినెత్తిన ఒక బుడిపె, దాని చుట్టూ కొలువుతీరిన సొట్టలు, కింద కడుపులో గాలి ఊపిరి తీసే ఒక నోరు. తీగ లేదు, తోలు లేదు, కర్ర లేదు. ఒడిలో పెట్టుకుని వేలి కొసతో తాకితే చాలు, కొట్టించుకున్న లోహంలా కాక, పిలిపించుకున్న మనిషిలా పలుకుతావు.

ఆ ఒక్క సొట్టలో ఎంత లోకం! కింద షడ్జం మేల్కొంటుంది, దాని భుజాన తారషడ్జం నిలబడుతుంది, ఆ పైన పంచమం రెక్క విప్పుతుంది. తంబురా తీగలను మీటి మీటి నింపే నాదాన్ని ఒక్క స్పర్శలో ఒలికిస్తావు. సుత్తి పట్టినవాడి కష్టం నీకు తెలుసు: షడ్జాన్ని బుజ్జగిస్తే పంచమం అలుగుతుంది, పంచమాన్ని సవరిస్తే పక్క సొట్ట శ్రుతి తప్పుతుంది. వేల దెబ్బలు తిన్న ఒళ్లు నీది. ఆ గొంతులో మాత్రం ఒక్క దెబ్బ జాడ లేదు, ఒక్క నిష్ఠూరం లేదు.

నీ పుట్టిల్లు స్విట్జర్లాండ్ అంటారు. బెర్న్‌లో 2000లో ఫీలిక్స్ రోనర్, సబీనా షేరర్ నిన్ను హాంగ్ అనే పేరుతో తీర్చిదిద్దారు. అననీ. నీ బలగం పెద్దది. చమురు పీపాలను సాగగొట్టి స్వరాలు పుట్టించిన ట్రినిడాడ్ నీకు మేనమామ. మన ఘటం నీకు పెద్దమ్మ. రెటో వెబర్ అనే స్విస్ వాద్యకారుడు ఘటం మీద మనసుపడి, చేత్తో వాయించేలా స్వరాలున్న ఘటం కావాలని రోనర్‌ను అడగకపోతే నువ్వు ఈ రూపాన వచ్చేదానివా? మన కచేరీల్లో మృదంగం పక్కన కూర్చుని మట్టి నేర్చిన పలుకే కదా, సముద్రాలు దాటి ఉక్కు నోట దిగింది!

అందుకే ఛత్తీస్‌గఢ్‌లో నువ్వు పరాయిదానివి కావు. నీ అక్కచెల్లెళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నారు. ఖారూన్ ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో హటకేశ్వరుడి గంట ఉంది. బస్తర్ మాడియా తెగ ఆడపడుచుల చేతిలో, అడుగు అడుగుకూ నేలను తట్టి గలగలలాడే ఇనుప కడ్డీ ఉంది. కొండగావ్‌లో ఇత్తడి పోతపోసే ఘడ్వాల ఇళ్లలో మట్టిబొమ్మకు తేనెమైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, నిప్పుల్లో పెడతారు. మైనం కరిగి ఖాళీ చేసిన చోటంతా కరిగిన ఇత్తడి నిండుతుంది. చల్లారాక మట్టి పగలగొడితే, ఆ చుట్టిన దారం గీతలు గీతలుగా లోహం ఒంటిమీద కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఇత్తడీ నీ చెల్లెలే.

ఇక ఝాంఝ్ తాళాలు! ఇక్కడి భక్తులు కొలిచే గురు ఘాసీదాస్ జయంతి, డిసెంబరు 18. తెల్లటి జైతఖాం స్తంభం చుట్టూ పంథీ నాట్యబృందం తిరుగుతుంది. మాందర్ డోలు మోగుతుంది, కాళ్ల గజ్జెలు ఘల్లుమంటాయి, ఝాంఝ్ పళ్లేలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఝణఝణమంటాయి. లయ పెరిగి పెరిగి, అడుగు కనబడక, చెయ్యి కనబడక, చివరికి చెవిలో ఇత్తడి ఒక్కటే మిగులుతుంది. అది వీధికెక్కిన భక్తి. నీది గదిలో గొంతు. రెండూ ఒక ఇంటివే, రెంటికీ జేజేలు.

నిన్ను నిద్రమందులా వాడుకునే వీడియోలంటే మాత్రం నాకు ఒళ్లుమంట. మేల్కొల్పే గొంతును జోకొట్టడానికి పెట్టుకోవడమేమిటి? ఝాంఝ్ విన్న చెవితో వింటే నీ మెత్తదనం వెనక కొలిమి వేడి తగులుతుంది. తగలాలి కూడా.

చదివేవారికి ఒక మనవి. ఈ వాద్యం ఎవరి ఒడిలోనైనా కనబడితే, అడిగి, ఉంగరాలు తీసి జేబులో వేసుకుని, వేళ్లతోనే తాకండి. వాయించాక మెత్తని పొడిగుడ్డతో తుడిచి ఇవ్వండి. చేతి చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుంది.