తొడలపై గుంటలు - లేపనముల మాట

తొడలపైని, పిరుదులపైని చర్మము నారింజతొక్కవలె గుంటలు పడుటకు సెల్యులైట్ అని పేరు. ఫ్రెంచివారి నుండి వచ్చిన ఈ పేరు వినుటకు రోగనామమువలె నున్నది. ప్రకటనకర్తలకు కావలసినదియు అదే! యుక్తవయస్సు దాటిన స్త్రీలలో నూటికి 80 మందికి పైగా ఇది ఎంతో కొంత ఉండునని అంచనా. ఇందరికి ఉన్నదానిని రోగమనుట ఎట్లు? 1978లో నూర్న్‌బెర్గర్, ముల్లర్ అను జర్మన్ పరిశోధకులు తమ వ్యాసమునకు పెట్టిన పేరులోనే దీనిని కల్పిత వ్యాధి అనిరి.

చర్మము క్రింది కొవ్వు ఒకే ముద్దగా ఉండదు. పీచువంటి తంతువులు దానిని చిన్న చిన్న గదులుగా విభజించుచున్నవి. దూదిపరుపునకు టాకాలు వేసినచోట గుంట, దాని చుట్టును ఉబ్బు కనిపించును గదా! ఇచ్చట జరుగునదియు అట్టిదే. పురుషులలో ఈ తంతువులు ఏటవాలుగా అల్లుకొని ఉండుటచే కొవ్వు అంతగా పైకి ఉబికిరాదు.

కావున ఏ చికిత్సనైనను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: అది టాకాను తాకునా? కెఫీన్ కొవ్వుకణములలోని కొవ్వు విచ్ఛిన్నమగుటకు తోడ్పడునన్నది ప్రయోగశాలలో నిజమే. కాని పైన పూసిన కెఫీన్ లోనికి చేరినను తంతువును తెంపదు. మర్దనముచే వచ్చిన నునుపు తాత్కాలికము. యంత్రముతో కొవ్వును పీల్చివేసినను టాకా అట్లే ఉండును. ఒక్కొక్కప్పుడు ఎగుడుదిగుళ్లు హెచ్చును కూడ.

ఇక “ముందు - తరువాత” ఛాయాచిత్రములు. దీపము ప్రక్కనుండి పడిన గుంటలో నీడ నిలుచును. ఎదుటనుండి పడిన నీడ మాయమగును. భౌతికశాస్త్ర విద్యార్థి ఎవడైనను ఒక్క దీపముతో ఈ చికిత్స చేయగలడు! రెండు చిత్రములలో వెలుతురు, నిలుచున్న తీరు ఒకటే కానిచో వానిని సాక్ష్యముగా గ్రహింపరాదు.

తంతువును నిజముగా తాకు పద్ధతులు లేకపోలేదు. చర్మము క్రిందికి సన్నని సాధనమును పంపి, గుంటను లాగుచున్న తంతువును కోయుట వానిలో ఒకటి. లోతైన విడి గుంటలకు ఇది పనిచేయును, కొన్నాళ్లు కమిలియుండును. తంతువులోని కొల్లాజెన్‌ను కరగించు ఎన్‌జైమ్ సూదిమందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అనుమతించినది. తీవ్రముగా కమలుట, రంగు మచ్చలు చాలకాలము నిలుచుట అను భయములచే తయారీదారులే 2022 డిసెంబరులో దానిని నిలిపివేయ నిశ్చయించిరి. పనిచేసిన మందు గతియే ఇది. చామనచాయ చర్మముపై ఇట్టి మచ్చలు మరింత కాలము నిలుచును గనుక మనవారు వైద్యుని మొదట అడుగవలసినది ఆ సంగతినే.