ఆరాధించుచున్నది ఎవరు?
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల సంఘములలో ఆదివారపు ఆరాధనను గమనించునప్పుడు మాకు కలుగు ప్రశ్న ఇది: ఇక్కడ ఆరాధించుచున్నది ఎవరు? పాటల బృందము కీబోర్డు, ప్యాడ్స్‌తో గంటసేపు పాడును. సంఘము చప్పట్లు కొట్టును. పాపపు ఒప్పుకోలు రెండు నిమిషములలో ముగియును. మైకును మేము నిందించుట లేదు. వెనుక కూర్చున్న అవ్వకు వాక్యము వినబడవలెను గదా! సంఘము ప్రేక్షకులైపోవుటయే మా అభ్యంతరము.

1912 నుండి 1945 వరకు డోర్నకల్ బిషప్‌గా ఉన్న వి.ఎస్. అజరయ్యగారు, క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి ఉంచుకొనజేసి, తాము సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని పలికించెడివారు (1 కొరింథీ. 9:16). వారిలో అనేకులు చదువురాని మాల, మాదిగ కూలీలు. చదువు లేదని ఎవరినీ ఊరక కూర్చుండబెట్టలేదు. ఆరాధనలో పలికిన మాట పొలమునకు, వాడకు వారి వెంట వెళ్లవలసినదే.

వ్రాతపూర్వక క్రమము పాశ్చాత్యమని యౌవన కాపరులు కొందరందురు. అయితే 1950 నాటి దక్షిణ ఇండియా సంఘపు ప్రభు భోజన క్రమములో సమాధానమును చేతినుండి చేతికి అందించు ఆచారము కేరళ సిరియను సంఘములనుండి వచ్చినది. అందులో సంఘము పలుకవలసిన ప్రత్యుత్తరములును అనేకము.

నేరము పాటల బృందముదే కాదు. విజ్ఞాపన ప్రార్థనను, లేఖన పఠనమును కూడ అనేక సంఘములలో కాపరులమైన మేమే చేయుచున్నాము.