దోషము గుణమగు తీరు: ‘కార్నివల్ ఆఫ్ సోల్స్’ చిత్రమున భయానక రసము

అల్పవ్యయముతో నిర్మితములై, విడుదలనాడు ఆదరమునకు నోచుకొనక, పిమ్మట కొందఱు ప్రేక్షకులు మరల మరల చూచు భయానక చలనచిత్రములు కొన్ని కలవు. వాని యాకర్షణమునకు కారణమేమని ప్రశ్నించినచో రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. లోపములు నవ్వు పుట్టించును గావున అవి వినోదకరములని కొందఱందురు. పేదచిత్రములు గావున లోపములను క్షమింపవలెనని మఱికొందఱందురు. ఈ రెండు మతములును మాకు సమ్మతములు కావు. 1962లో అమెరికాలో వెలువడిన ‘కార్నివల్ ఆఫ్ సోల్స్’, అనగా ‘ఆత్మల జాతర’, అను చిత్రమును గ్రహించి మా యభిప్రాయమును నిరూపింప యత్నింతుము.

దర్శకుడగు హెర్క్ హార్వే కాన్సస్ రాష్ట్రములోని లారెన్సు పట్టణమున విద్యావిషయక, పారిశ్రామిక లఘుచిత్రములు తీసినవాడు. ఒకప్పుడు కారులో ఇంటికి మరలివచ్చుచు, యూటా రాష్ట్రమున గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున పాడుపడియున్న సాల్టేర్ విహారమండపమును చూచెను. ఆ దృశ్యమే చిత్రమునకు బీజము. జాన్ క్లిఫర్డ్ కథ కూర్చెను. సుమారు 33 వేల డాలర్లతో, మూడు వారములలో చిత్రీకరణము ముగిసెను. ప్రేతపురుషుని పాత్రను దర్శకుడే ధరించెను. ఆయన తీసిన పూర్తినిడివి కథాచిత్రము ఇదియొక్కటియే. 1989లో ఇది పునర్విడుదలయయ్యెను.

కథ స్వల్పము. మేరీ హెన్రీ ఆర్గన్ వాద్యకారిణి. ఆమె యెక్కిన కారు వంతెనపైనుండి నదిలో పడును. తోడివారు మునిగిపోగా ఆమె యొక్కతెయే ఒడ్డు చేరును. పిమ్మట సాల్ట్ లేక్ నగరమున చర్చిలో ఉద్యోగమునకు పోవును. తెల్లని మొగముగల పురుషుడొకడు ఆమెను వెంటాడును. తుదకు కారును నదినుండి వెలికితీయగా, అందు ఆమె శవమును కనబడును.

భరతముని భయానక రసమునకు వికృతరవమును, సత్త్వదర్శనమును, శూన్యాగారమును విభావములుగ పేర్కొనెను. సాల్టేర్ మండపము శూన్యాగారమే. ప్రేతదర్శనమును కలదు. కాని ఇందలి ముఖ్యవిభావము వికృతరవము గాదు, రవాభావము. అంగడిలో మేరీ నిలుచుండగా లోకధ్వని యంతయు హఠాత్తుగ నణగిపోవును. ఆమె నెవ్వరును చూడరు, ఆమె మాట యెవ్వరును వినరు. ఉద్యానమున పక్షికూత వినబడినప్పుడు గాని లోకము మరల ఆమెకు దక్కదు. ప్రేతమును చూచుటకంటె తానే యితరులకు కనబడకుండుట భయంకరమని ఈ ఘట్టము తెలుపుచున్నది. ధ్వనిని తొలగించుటకు ధనముతో పనిలేదు గదా!

ఇక లోపముల మాట. చిన్నపాత్రధారుల నటన బిగువుగ నుండును. సంభాషణము లక్కడక్కడ పెదవుల కదలికతో కలియవు. నేపథ్యసంగీత మంతయు ఆర్గన్ ఒక్కటియే. తొలిసారి చూచువారికి ఇవి దారిద్ర్యచిహ్నములుగనే తోచును. కాని ముగింపు తెలిసి రెండవసారి చూచినప్పుడు వాని యర్థము మాఱును. మనము చూచుచున్నది మృతురాలి కన్నులతో. జీవించియున్నవారు ఆమెకు దూరస్థులుగ, యంత్రప్రాయులుగ, మాట యొకచోట మనిషి యొకచోటగ కనబడుట సహజమే. నేపథ్యవాద్యము ఆమె వాద్యమే యగుటచే, వినబడునది లోకసంగీతమో, ఆమె మనస్సంగీతమో తెలియరాదు. భోజుడు ‘వైశేషికగుణము’లని పేర్కొన్నవి ఇట్టివే: స్వతః దోషములయ్యును సందర్భవశమున గుణత్వము నొందునవి. పునర్దర్శనమున రహస్యము నశించినను రసము నశింపకపోవుటకు హేతువిదియే.

అయినను దోషములన్నియు గుణములు గాలేదు. వైద్యుడు ఆమె భ్రమకు కారణములు చెప్పబూను సన్నివేశమున వివరణ మధికమై భయము సడలుచున్నది. దానిని మేరీ దృష్టియు సమర్థింపజాలదు. అది దోషముగనే నిలిచినది. అభిమానులు దీనిని నొప్పుకొనరు, నిరాదరించువారు మొదటిదానిని నొప్పుకొనరు. ఏ లోపము కృతియొక్క దృష్టికోణమున నిమిడినది, ఏది వెలుపల మిగిలినది యని వేఱుచేసి చూపుటయే విమర్శకుని పని. పేదఱికమును క్షమించుట దయ యగును గాని విమర్శ కాదు.