కత్తెర పెట్టని కాగితం

1908 మార్చిలో బెజవాడ నుంచి వెలువడే ‘స్వరాజ్య’ వారపత్రిక తిరునల్వేలి కాల్పుల మీద ఘాటైన సంపాదకీయం వేసింది. రాసింది కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. అప్పటికి ఆయనకు పాతికేళ్లయినా నిండలేదు. రాజద్రోహం కింద మూడేళ్లు జైల్లో పెట్టారు. ఆ సంచిక ఈనాడు ఎవరి అటక మీదైనా కనబడితే, పాత పత్రికలు పోగుచేసేవాళ్లకు లంకెబిందెలు దొరికినట్టే.

దొరకడమే కష్టం. కర్నూలు, కడపలకు ఆనాటి అలజడి వార్తలు చాలావరకు మద్రాసు, బెజవాడ, బందరుల్లో అచ్చయి వచ్చేవి. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, అనంతపురంలో 1926లో పప్పూరి రామాచార్యులు మొదలుపెట్టిన సాధన: రాయలసీమలో వెతికేవాళ్లు ముందు అడగాల్సిన పేర్లు ఇవి. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోసమైతే వీటిని తిరగేసి లాభం లేదు. ఆయన కంపెనీ ఉత్తరాల్లోనూ జనం పాటల్లోనూ ఉన్నాడు.

ఇందులో ఒక వింత. దేశభాషా పత్రికల్లో ఏం రాస్తున్నారో కనిపెట్టడానికి మద్రాసు ప్రభుత్వం వాటి సారాంశాలను ఇంగ్లీషులోకి మార్పించుకునేది. అసలు సంచిక చెదలపాలైనచోట ఇప్పుడు ఆ నివేదికలే దిక్కు. పత్రికల నోరు నొక్కినవాళ్లే వాటి మాటను భద్రంగా దాచిపెట్టారు!

మొదటి పుట ఊడిపోయిన సంచిక చేతికొస్తే తేదీ పట్టడం ఒక విద్య. లోపల ఎక్కడో తెలుగు సంవత్సరం పేరు దొరుకుతుంది. ప్రమోదూత అంటే 1930-31, చిత్రభాను అంటే 1942-43. ‘దత్తమండలాలు’ అనే పాత పేరే తప్ప ‘రాయలసీమ’ ఎక్కడా లేకపోతే 1928కి ముందుదేమోనని అనుమానించాలి. ఆ ఏడు నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించాకే ఈ కొత్త పేరు వాడుకలోకి వచ్చింది. ఇక అసలా, నకలా? కాగితం వెనకవైపు వేలితో తడమాలి. సీసపు అక్షరాల ఒత్తిడి చాలాసార్లు తెలుస్తుంది, ఆఫ్‌సెట్ నకలు నున్నగా ఉంటుంది.

ఇక కాగితం మన్నిక. అమెరికా విప్లవానికి ముందు, 1770లో, బోస్టన్ కాల్పుల్లో చనిపోయినవాళ్ల శవపేటికల బొమ్మలతో ‘బోస్టన్ గెజిట్’ వచ్చింది. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన ఆ కాలపు కాగితం ఇప్పటికీ మెత్తగా మడతపడుతుంది. మన 1930 నాటి పత్రికది కలపగుజ్జు. అందులోని ఆమ్లానికి సీమ ఎండ తోడైతే మడత విప్పగానే అప్పడంలా విరుగుతుంది. అందుకే దాన్ని మడవకుండా పరిచి, ఆమ్లం లేని కాగితాల మధ్య, వెలుతురు తగలనిచోట పెట్టాలి. చిరుగుకు సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకు అదే గోధుమరంగు మరకై కూర్చుంటుంది. పలచని టిష్యూ, గోధుమపిండి జిగురు మేలు. గుర్తులు పెన్సిలుతోనే పెట్టాలి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మాత్రం కత్తెర. గాంధీ వార్త వరకు కత్తిరించి ఆల్బంలో అంటించుకునే అలవాటు చాలామందిది. పోయేదేమిటి? పక్కనున్న వేరుశనగ ధర, కరువు పనుల కబురు, అమృతాంజనం ప్రకటన. ఆ అమృతాంజనం యజమానే ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు. తలనొప్పి మందు తెచ్చిన డబ్బు దొరలకు తలనొప్పి తెచ్చిన పత్రికను నిలబెట్టింది. వార్త ఒక్కటే మిగిలితే ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పాత పత్రికలకు పేరుపడ్డ వేటపాలెం సారస్వత నికేతనంలో నిండు పుటలు తిరగేసినవాళ్లు మళ్లీ కత్తెర పట్టరు.

కడపలో సి.పి. బ్రౌన్ బంగళా ఉన్నచోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో వెలసిన గ్రంథాలయం ఉంది. మిద్దె మీది ట్రంకుపెట్టె ఖాళీ చేసేటప్పుడు, అందులోని పాత పత్రికల కట్టను పాతపేపర్లవాడి తక్కెడలో వేసేముందు ఒక్కసారి అక్కడ చూపించండి.